నిత్యపూజ, నిత్యసుఖం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. పూజలు చేస్తున్నాము, పారాయణలు చేస్తున్నాము, యాత్రలకు వెళ్ళివస్తున్నాము, అయినా సుఖం నిలవడం లేదు, కారణమేమిటని అడిగినవారే ఎక్కువ. అందువల్ల ఈ సంచికలో తిథులు, శాంతులు, వ్రతవిధానాల గురించిన సందేహాలను పక్కన ఉంచి, ఈ ప్రశ్న అడిగిన అయిదు ఉత్తరాలకే జవాబు రాస్తున్నాను. ఉత్తరాలను కుదించాను గాని రాసినవారి భావాన్ని మార్చలేదు. వారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: గురువుగారికి నమస్కారములు. కాపురానికి వచ్చిన కొత్తల్లో మా అత్తగారు విష్ణుసహస్రనామ పారాయణ నేర్పించారు. 32 ఏళ్ళుగా, మైల వచ్చిన రోజులు తప్ప, ఒక్క పూట కూడా మానలేదు. శుక్రవారాలు లలితా సహస్రనామంతో కుంకుమపూజ కూడా చేస్తాను. పూజలో కూర్చున్నంతసేపూ మనసు ప్రశాంతంగానే ఉంటుంది. హారతి ఇచ్చి లేచి వంటింట్లో అడుగుపెట్టేసరికి మళ్ళీ అదే చిరాకు, అదే కోపం. కోడలి మీద, ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి మీద, ఒక్కోసారి నా మీద నాకే. ఇన్నేళ్ళ పూజకు ఫలితం ఇదేనా? శాశ్వతమైన సుఖమని పెద్దలు చెప్పేది నిజంగా ఉందా? (ఒక గృహిణి, తెనాలి)

జవాబు: అమ్మా, ముప్ఫై ఏళ్ళు పారాయణ చేశాక కూడా శాంతి లేదని పైకి ఒప్పుకోవడానికి చాలామంది సిగ్గుపడతారు. మీరు దాచకుండా రాశారు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదనడానికి మీకంటే ఎంతో ముందు ఇదే మాట అన్న ఒక మహానుభావుణ్ణి గుర్తు చేస్తాను. ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయంలో నారదుడు సనత్కుమారుల వారి దగ్గరకు వెళ్ళి తనకు ఉపదేశించమని అడుగుతాడు. నీకు ఇప్పటికే తెలిసినదేమిటో చెప్పు, ఆపైన సంగతి నేను చెబుతానని ఆయన అంటే, నారదుడు నాలుగు వేదాలతో మొదలుపెట్టి ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నీతిశాస్త్రం, నక్షత్రవిద్య అంటూ చాలా పెద్ద పట్టికే చదువుతాడు. అదంతా చెప్పి చివర, తాను మంత్రాలు ఎరిగినవాడే గాని ఆత్మను ఎరిగినవాడు కాదని, ఇంత చదివీ దుఃఖంలోనే ఉన్నానని, ఆ దుఃఖపు ఆవలి ఒడ్డుకు తనను చేర్చమని వేడుకుంటాడు. భక్తికి ఆచార్యుడని మనం కొలిచే నారదుడే ఒకనాడు ఈ స్థితిలో నిలబడి గురువును ఆశ్రయించాడు.

ఆయనకు దొరికిన జవాబు మీరు చేస్తున్న పనికి సూటిగా తగులుతుంది. నువ్వు చదివినదంతా నామమే అన్నారు సనత్కుమారులు. ఆ మాటతో ఆపివేసి ఉంటే అది తోసిపుచ్చినట్టు అయ్యేది. వెంటనే ఆయన, ఆ నామాన్నే ఉపాసించు అని కూడా అన్నారు. అక్కడినుంచి వాక్కు, మనస్సు, సంకల్పం అంటూ ఒక్కొక్క మెట్టే ఎక్కించి, భూమా అనే చోటికి తీసుకువెళ్ళారు. భూమా అంటే కొలతకు అందని నిండుదనం. అదే సుఖమని, అల్పమైన దానిలో సుఖం లేదని అక్కడ చెప్పారు. కనుక మీరు నామం దగ్గర మొదలుపెట్టడం సరైన చోట మొదలుపెట్టడమే. అయితే 32 ఏళ్ళుగా మీరు మొదటి మెట్టును ఎంతో శ్రద్ధగా కడిగి, ముగ్గు పెట్టి, పసుపు రాసి, దాని మీదే కూర్చుండిపోయారేమోనని నాకు అనుమానం. ఈ మాట నొప్పించాలని అనలేదమ్మా. నా జీవితంలోనూ చాలా సంవత్సరాలు అలాగే గడిచాయి.

మీరు రోజూ చదివే విష్ణుసహస్రనామ పూర్వపీఠికనే ఒకసారి తీసుకోండి. ధర్మరాజు ధర్మాలన్నీ ఏదీ మిగలకుండా విన్నాడని, విని కూడా భీష్ముణ్ణి మళ్ళీ అడిగాడని వైశంపాయనుడు అంటాడు. ఆ 'మళ్ళీ' అన్న మాట దగ్గర మనం ఆగము, నోరు పరుగెత్తుతుంది గనుక. యుద్ధం గెలిచాడు, రాజ్యం వచ్చింది, తాతగారి నోట రాజధర్మాలు, దానధర్మాలు అన్నీ విన్నాడు, అయినా లోపల ఏదో కుదుటపడలేదు. లోకంలో ఒక్కడైన దైవమెవరు, ఏది జపించి ప్రాణి సంసారబంధం నుంచి విడివడుతుంది అని అడిగాడు. ఆ జవాబు చెబుతున్నవాడు ఏ సింహాసనం మీదా లేడు. ఒళ్ళంతా దిగిన బాణాల మీద పడుకుని, ఉత్తరాయణం కోసం ఎదురుచూస్తూ ఉన్నాడు. ఆ శరీరంలోని నొప్పిని శ్రీకృష్ణుడు తన అనుగ్రహంతో తొలగించాడని మహాభారతం చెబుతుంది, బాణాలను తీసివేశాడని మాత్రం చెప్పదు. ఆ అంపశయ్య మీదే ఆయన వేయి నామాలు పలికాడు. శాశ్వతమైన సుఖం ఉందా అన్న మీ ప్రశ్నకు సాక్ష్యం మీ పారాయణ పుస్తకం మొదటి పుటల్లోనే ఉందని నేను నమ్ముతాను. కష్టం రాకపోవడమే సుఖమని అనుకున్నంతకాలం మనకు ఆ సాక్ష్యం కనిపించదు.

గీత పద్దెనిమిదవ అధ్యాయంలో భగవానుడు సుఖాన్ని మూడు రకాలుగా విడదీశాడు. మొదట విషంలా ఉండి, పరిణామంలో అమృతంలా మారేది సాత్త్విక సుఖం. విషయాలతో ఇంద్రియాలు కలవడం వల్ల మొదట అమృతంలా ఉండి, చివరకు విషమయ్యేది రాజస సుఖం. నిద్ర, సోమరితనం, ఏమరుపాటు వల్ల వచ్చేది తామసం. మొదటిదాని గురించి చెప్పేటప్పుడు అభ్యాసం వల్ల అందులో రమిస్తారని కూడా అన్నాడు. అంటే పూజలో కూర్చోగానే కలిగే ప్రశాంతత కూడా ఒక్కోసారి రాజస సుఖమే కావచ్చు. అగరువత్తి వాసన, వెండి దీపపు వెలుగు, మనకు అలవాటైన రాగం, మన గొంతు మనకు వినిపించడం, ఆ అరగంటసేపు ఎవరూ మనల్ని పిలవకపోవడం, ఇవన్నీ హాయినిచ్చేవే. అందులో తప్పేమీ లేదు. కాని ఆ హాయి గది గుమ్మం దాటి రాదు. వంటింట్లో కోపం వచ్చినప్పుడు దాన్ని పట్టుకుని నామం దగ్గరకు తేవడం మొదట్లో చేదుగానే ఉంటుంది, ఎందుకంటే ఆ క్షణాన కోపం న్యాయమైనదిగానే తోస్తుంది.

ఇక చేయదగిన పని చెబుతాను. పారాయణ ఎప్పటిలాగే చేయండి. దానితోపాటు ఒక్క నామాన్ని ఎంచుకుని, ఆ రోజంతా వెంట ఉంచుకోండి. మొదటి నామం 'విశ్వం'. శంకర భగవత్పాదుల పేరిట ఉన్న భాష్యం ఈ విశ్వం ఆయనకంటే వేరు కాదు గనుక ఆయనకు ఆ పేరు వచ్చిందని చెబుతుంది. శ్రీవైష్ణవాచార్యులైన పరాశర భట్టర్ తమ సహస్రనామ భాష్యం 'భగవద్గుణదర్పణం'లో ఆ మాటకు పరిపూర్ణుడని అర్థం చెప్పారు. ఏ సంప్రదాయం వారైనా సరే, ఈ ఒక్క నామాన్ని పట్టుకుని వంటింట్లోకి వెళితే అక్కడ నిలబడి ఉన్న కోడలు ఆ నామానికి బయట ఉండదు. గిన్నెలు సరిగా తోమలేదని మీరు కసురుకునే ఆ అమ్మాయీ ఉండదు. సహస్రనామంలో మొట్టమొదట పలికేది ఇదే కావడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

మా అమ్మగారు పెద్దగా చదువుకోలేదు. సహస్రనామాలు ఆమెకు నోటికి రావు. కార్తికం వస్తోందనగా, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక అరుగు మీద పీట వేసుకుని, పత్తిలో గింజలు ఏరి, చిన్న గిన్నెలో నాలుగు చుక్కల పాలు పెట్టుకుని పువ్వొత్తులు చేసేది. దూదిని బిళ్ళలా పరిచి, నడుమ కొంచెం పైకి లాగి, పాలలో తడిపిన వేళ్ళతో మెలిపెట్టేసరికి ఒత్తి మొగ్గలా నిలబడేది. ఒత్తికొక శివనామం. పున్నమి నాటి 365 ఒత్తుల కట్ట వేరుగా చేసేది. ఈలోగా గేదె తాడు తెంపుకునేది, పక్కింటివారు మజ్జిగకు వచ్చేవారు, మాలో ఎవరో ఒకరం ఏడుస్తూ వెళ్ళేవాళ్ళం. ఆమె లేచి ఆ పని చూసుకుని, చేతులు కడుక్కుని వచ్చి తరువాతి ఒత్తి అందుకునేది. మధ్యలో లేపామని ఒక్కనాడూ విసుక్కోలేదు. ఒత్తి చేయడం పూజ, లేచి వెళ్ళడం అడ్డంకి అనే లెక్క ఆమె దగ్గర లేదని చాలా ఏళ్ళ తరువాత గాని నాకు అర్థం కాలేదు.

ఇంకొక్క మాట. హారతి అయిన వెంటనే లేవకండి. రెండు నిమిషాలు ఏమీ చదవకుండా కూర్చోండి. ఆ తరువాత ప్రసాదం ముందుగా మీ కోడలి చేతిలో, పనికి వచ్చిన అమ్మాయి చేతిలో మీరే స్వయంగా పెట్టండి. ఆ తరువాతే మీరు తీసుకోండి. నెల రోజులు చేసి నాకు మళ్ళీ ఉత్తరం రాయండి. కోపం పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వను. వచ్చిన కోపం ఎంతసేపు నిలుస్తోందో మాత్రం గమనించండి.

ప్రశ్న: అయ్యా, వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాను. వీసా వచ్చింది, మొక్కు ప్రకారం 108 ప్రదక్షిణలు చేసి వచ్చాను. ఆనాటి సంతోషం ఆరు నెలలు కూడా నిలవలేదు. ఇప్పుడు గ్రీన్‌కార్డు దిగులు పట్టుకుంది. కోరికతో చేసేది భక్తే కాదని నా మిత్రుడు వాదిస్తున్నాడు. నేను చేసింది తప్పా? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్)

జవాబు: తప్పు కాదు నాయనా. మీ మిత్రుడు గీత ఏడవ అధ్యాయం మరొకసారి చూడాలి. ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని నాలుగు రకాల వారు నన్ను భజిస్తారని భగవానుడు చెప్పాడు. అర్థార్థి అంటే ఏదో ఒకటి కావాలని వచ్చినవాడు. జ్ఞాని తనకు ఆత్మవంటివాడని అంటూనే, ఈ నలుగురూ ఉదారులేనని కూడా అన్నాడు. అడగడానికైనా ఆయన దగ్గరకే వచ్చినవాణ్ణి ఆయనే ఉదారుడని అంటే, కాదనడానికి మనమెవరం?

అయితే మీ బాధకు కారణం అడగడంలో లేదు, అడిగినది దొరికాక ఏమైందన్న దానిలో ఉంది. భాగవతం నాలుగవ స్కంధంలో ధ్రువుడి కథ అందరికీ తెలిసిందే. అయిదేళ్ళ పిల్లవాడు తండ్రి తొడ ఎక్కబోతే, సవతి తల్లి సురుచి నీకా అర్హత లేదంది. ఆ మాట ములుకులా గుచ్చుకుని, తల్లి సునీతి చెప్పిన దారిన అడవికి బయలుదేరాడు. నారదుడు ద్వాదశాక్షరి ఉపదేశించాడు. యమున ఒడ్డున మధువనంలో తపస్సు చేసి ఆరు నెలల్లో శ్రీహరిని ఎదుట చూశాడు. కోరినదానికంటే ఎక్కువే, చెదరని ధ్రువపదమే దొరికింది. ఇంతవరకు మన పిల్లలకు కథగా చెప్పి ఆపేస్తాము. భాగవతం అక్కడ ఆపదు. వరం పొంది ఇంటికి తిరిగివస్తున్న ధ్రువుడి మనసు అంత సంతోషంగా లేదని చెబుతుంది. సంసారాన్నే తొలగించగల స్వామి ఎదుట నిలిస్తే, చక్రవర్తి దగ్గరకు వెళ్ళి తవుడు అడిగిన పేదవాడిలా, తానెంత చిన్న కోరిక కోరానోనని అతడు కుమిలిపోయాడు. మీకు కూడా ఆరు నెలల దగ్గరే వెలితి తెలిసిందని రాశారు. ఆ వెలితిని చెడ్డ శకునంగా తీసుకోకండి. ధ్రువుడికి కలిగిన వెలితి వంటిదే అది, అతడు స్వామిని దగ్గరగా చూశాక గాని అది కలగలేదు.

చిలుకూరు గుడికి నేనూ వెళ్ళాను. హుండీ లేని గుడి అది. అక్కడ స్వామికి మీరు ఇచ్చింది డబ్బు కాదు, అడుగులు. 108 గళ్ళున్న అట్టముక్క చేతపట్టుకుని, ఒక్కొక్క చుట్టుకూ పెన్నుతో ఒక గడి కొట్టేసుకుంటూ జనం నడుస్తారు. సగం దాటాక చాలామంది చూపు గర్భగుడి వైపు కంటే ఆ అట్ట మీదే ఎక్కువగా ఉంటుంది. నా చూపూ అలాగే ఉంది. లెక్క పూర్తయ్యాక, అట్ట లేకుండా, అడగవలసింది ఏదీ లేకుండా మరొక్క చుట్టు తిరిగాను. ఆ రోజు నాకు గుర్తున్నది ఆ ఒక్క ప్రదక్షిణే. రాళ్ళ వేడి, ముందు నడుస్తున్న ముసలాయన భుజం మీది తుండుగుడ్డ, లోపలినుంచి వినిపించిన గంట, ఇవన్నీ అప్పుడే నా ఎరుకలోకి వచ్చాయి.

త్యాగరాజస్వామి కల్యాణి రాగ కృతిలో నిధి సుఖమా, రాముని సన్నిధి సేవ సుఖమా అని అడిగారు. తంజావూరు రాజు పంపిన కానుకలను కాదని ఆ కృతి పాడారని సంప్రదాయంలో చెబుతారు. ఆయన ఆ ప్రశ్న అడిగింది లోకాన్ని కాదు, తన మనసునే. పైగా నిజంగా చెప్పమని గట్టిగా అడిగారు. మీరు కూడా గ్రీన్‌కార్డు కోసం తప్పక ప్రార్థించండి. దిగులు ఉంటే అది స్వామితో కాక ఎవరితో చెప్పుకుంటారు? దానితోపాటు వారంలో ఒక్కరోజు, మీ ఊళ్ళో గుడి ఉంటే గుడిలో, లేకపోతే ఇంట్లో దీపం దగ్గర, ఏదీ అడగకుండా పది నిమిషాలు ఉండి రండి. త్యాగరాజస్వామి అడిగిన ప్రశ్న ఆ పది నిమిషాల్లో మీ మనసును అడగండి. అది మొదట్లో గ్రీన్‌కార్డే సుఖమని చెబితే నొచ్చుకోకండి, నిజం చెప్పినందుకు సంతోషించండి.

ప్రశ్న: పదవీ విరమణ తరువాత రామకోటి మొదలుపెట్టాను. చెయ్యి రాస్తూనే ఉంటుంది, మనసు మాత్రం బ్యాంకుకో, అబ్బాయి సంసారానికో పోతుంది. జపమాల పట్టినా అంతే. ఇలా రాసినది లెక్కలోకి వస్తుందా? (ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం)

జవాబు: వస్తుంది, నిస్సందేహంగా రాయండి. రోజుకు వేయి నామాల చొప్పున రాస్తే కోటి పూర్తికావడానికి 10,000 రోజులు, అంటే 27 ఏళ్ళకు పైగా పడుతుంది. పూర్తిచేయడమే ముఖ్యమైతే పెద్దలు ఇంత పెద్ద సంఖ్యను మన ముందు పెట్టరు. ఇన్నేళ్ళపాటు రోజూ ఒకచోట కూర్చునే అలవాటునే వారు మనకు ఇవ్వదలచారని నా నమ్మకం.

మనసు ఎటు పోతే అటునుంచి మళ్ళించి తీసుకురమ్మని గీత ఆరవ అధ్యాయం చెబుతుంది. పోకుండా కట్టేయమని అనలేదు. చంచలమని అర్జునుడు మొరపెట్టుకుంటే భగవానుడు నిజమేనని ఒప్పుకుని, అభ్యాసంతో, వైరాగ్యంతో పట్టుబడుతుందన్నాడు. మీ మనసు గంటలో నలభైసార్లు బ్యాంకుకు వెళ్ళిందంటే, నలభైసార్లు మీరు దాన్ని రాముడి దగ్గరకు తిరిగి తెచ్చారని అర్థం. జపంలో వాచికం, ఉపాంశు, మానసికం అని మూడు విధాలున్నాయి. పైకి పలికేది, పెదవులు మాత్రమే కదిలేది, లోలోపల చేసేది. మానసికం ఉత్తమమని చదివి చాలామంది మొదటే అక్కడికి దూకుతారు, వెంటనే ఊహల్లో పడతారు. మనసు మరీ చెదిరిన రోజున పైకి వినబడేటట్టు పలుకుతూ రాయండి. చెయ్యి, కన్ను, నోరు, చెవి నాలుగూ ఒకే నామం మీద ఉంటే మనసుకు బయటికి పోయే దారులు తగ్గుతాయి.

ప్రశ్న: నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సును. రాత్రి డ్యూటీలు ఎక్కువ. ఉదయం ఇంటికి వచ్చేసరికి ఒళ్ళు తెలియని అలసట. స్నానం చేసి, మడి కట్టుకుని, దీపం పెట్టే ఓపిక ఉండదు. పూజ చేయలేకపోతున్నానన్న బాధ నన్ను తినేస్తోంది. భక్తి వల్ల వచ్చే సుఖం నావంటివారికి దొరకదా? (ఒక సోదరి, వరంగల్)

జవాబు: అమ్మా, అర్చనకు మడి, వేళ, సామగ్రి వంటి నియమాలున్నాయి, వాటిని నేను తేలిక చేయను. భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో అర్చన ఒక్కటి మాత్రమే. శ్రవణం, కీర్తనం, స్మరణం, దాస్యం వంటివి ఇంకా ఎనిమిది ఉన్నాయి. మన గోదావరి తీరంలో రామానందరాయలతో సంభాషించిన చైతన్య మహాప్రభువు, భగవంతుడు తన శక్తినంతా నామాల్లోనే ఉంచాడని, వాటిని స్మరించడానికి కాలనియమం ఏదీ పెట్టలేదని శిక్షాష్టకంలో స్పష్టంగా చెప్పారు.

శంకరుల పేరిట ప్రసిద్ధమైన శివమానసపూజా స్తోత్రం మీకు తెలిసే ఉంటుంది. రత్నసింహాసనం, చల్లని నీటి స్నానం, దివ్యవస్త్రాలు, అన్నీ మనసులోనే సమర్పించి, చివరకు నా నిద్రే నీకు సమాధిస్థితి, నా పాదాల నడకే నీకు ప్రదక్షిణ, నా మాటలన్నీ నీ స్తోత్రాలే అంటుంది. రాత్రి రెండు గంటలకు ఒక మంచం నుంచి మరొక మంచానికి మీరు నడిచే నడకను ఆ శ్లోకం పక్కన పెట్టి చూడండి. సెలైను సీసా మార్చే ముందు ఒక్కసారి శివ అనుకోండి, ఆ రోగి మణికట్టు పట్టుకున్నప్పుడు మరొకసారి. అలసి వచ్చిన ఉదయం కాళ్ళూ చేతులూ కడుక్కుని, దేవుడి ముందు నిలబడి ఒక్క నమస్కారం పెట్టి పడుకోండి. నిద్రను కూడా ఆయనకే ఇచ్చి పడుకోండి. సెలవు రోజున తీరికగా దీపం పెట్టుకోండి. బాధపడుతూ చేసే పూజకంటే అది ఎంతో మేలు.

ప్రశ్న: మా అమ్మాయి చనిపోయి పద్నాలుగు నెలలయింది. అప్పటినుంచి దేవుడి గది తలుపు తీయలేదు. ఏడాది గడిచింది, ఇక దీపం పెట్టాలి, పెడితే మనశ్శాంతి కలుగుతుందని బంధువులు అంటున్నారు. నాకు ఆ పటాల వంక చూస్తే కోపం వస్తోంది. ఆమె నాటిన తులసికి మాత్రం రోజూ నీళ్ళు పోస్తున్నాను, అది ఎండిపోకూడదని. నావంటివాడు ఏం చేయాలి? (ఒక తండ్రి, నల్గొండ)

జవాబు: అయ్యా, మీ ఉత్తరం చదివి చాలాసేపు కలం పట్టలేకపోయాను. మీకు వేదాంతం చెప్పే ధైర్యం నాకు లేదు. దేహం అనిత్యమనే మాట ఎవరి విషయంలోనైనా నిజమే కావచ్చు, కన్నబిడ్డను పోగొట్టుకున్న తండ్రి ఎదుట అది పలకడానికి ఒక వేళ ఉంటుంది. ఆ వేళ ఎప్పుడో మీరే చెప్పాలి, ఇతరులు కాదు.

కోపం గురించి మాత్రం చెప్పగలను. భగవంతుడి మీద కోపం వచ్చినవాడికి భక్తి పోయిందని మన సంప్రదాయం ఎక్కడా అనలేదు. ఆచారాలన్నీ ఆయనకు అర్పించినవాడు కామక్రోధాభిమానాలను కూడా ఆయన మీదే చూపాలని నారద భక్తిసూత్రాలు విధించాయి. భద్రాచల రామదాసు కథ తెలుగువాళ్ళకు ఒకరు చెప్పవలసినది కాదు. గోల్కొండ చెరసాలలో ఉన్న కంచర్ల గోపన్న, రాముడికి, సీతమ్మకు, తమ్ముళ్ళకు తాను చేయించిన నగలు ఒక్కొక్కటే లెక్కపెట్టి, ఎవరి అబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీశాడు. ఆ కీర్తనలోనే చివరకు వచ్చేసరికి, దెబ్బలు ఓర్వలేక తిట్టానయ్యా, నొచ్చుకోవద్దని బతిమాలుకున్నాడు. తిట్టు ఎంత నిజమో ఆ బతిమాలడం కూడా అంతే నిజం. ఆ కీర్తనను ఈనాటికీ రాముడి ఎదుటే పాడుతున్నాము. పరాయివాళ్ళను మనం అలా తిట్టము. మీరు గది తలుపు తీసి ఆ పటాల ఎదుట నిలబడి, అనవలసినదంతా పైకి అనగలిగితే అనండి. ఏడుపు వస్తే ఏడవండి. తలుపు తీయలేకపోతే, దానికి గడువు ఏదీ లేదు. దీపం పెడితే మనశ్శాంతి కలుగుతుందని బంధువులు చెప్పేది ప్రేమతోనే, కాని శాంతిని రాబట్టడానికి వెలిగించే దీపం ఇప్పుడు మీకు మరొక భారమవుతుంది.

తిండి, నిద్ర సరిగా లేకపోయినా, బతకాలనిపించకపోయినా దాచుకోకండి. వెంటనే వైద్యుడికి చూపించుకోండి. ఇంట్లో అమ్మాయి తల్లి ఉంటే ఆమెను కూడా వెంట తీసుకువెళ్ళండి. మందు వేసుకోవడం భక్తికి లోటు కాదు.

పూజ మానేశానని మీరు రాశారు. ఆకు గాని, పువ్వు గాని, పండు గాని, నీళ్ళు గాని భక్తితో ఇచ్చింది తాను అందుకుంటానని గీత తొమ్మిదవ అధ్యాయంలో భగవానుడు చెప్పాడు. పద్నాలుగు నెలలుగా, కోపంతో ఉన్న రోజుల్లో కూడా, మీ చెయ్యి ఒక్క పూటా తప్పకుండా చెంబు ఎత్తి నీళ్ళు ఇస్తూనే ఉంది. ఎండలు ముదిరితే సాయంత్రం కూడా పోయండి. వెన్నులు ముదరగానే తుంచితే మొక్క గుబురుగా పెరుగుతుంది. ఆ గింజలు పారేయకండి, పక్క కుండీలో చల్లుకోవచ్చు. మిగిలినవాటికి తొందరేమీ లేదు.